బెల్లంపల్లిల ఉంచిన రోలు

“అవ్వా, పుణె కొలువుకు పోవాల్నా, ఈడనే ఉండాల్నా? ఎల్లుండి దాకనే టైమిచ్చిండ్రు. నువ్వైతే ఏం చేస్తుంటివి?”

నేనైతేనా? నేనైతే పోతుంటి. అగో, నవ్వుతవేంది? మోకాళ్లు రెండూ పోయిన ముసల్ది పుణె పోతదట అని నవ్వుతున్నవు. అడిగినవు గద, చెప్తున్న. ఆ ఫోను గట్ల మూతి ముందట పెట్టకు, పక్కకు పెట్టు. రికార్డు అయితున్నదా? అయితే కానియ్యి. మీ నాయిన గూడ ఇంటడు, ఆయనకు గూడ సగం తెల్వదు.

ఉట్టిగ పో బిడ్డా అంటే నీకు మనసున పట్టది. మేం ఎట్ల తేల్చుకున్నమో చెప్త, ఇను. మనం ఈ గోదావరిఖని ఊరోళ్లం కాదు, ఎర్కనే గదా? మనది బెల్లంపల్లి. అసలు బెల్లంపల్లి గూడ కాదు. మీ తాత వాళ్ల తండ్రి కాసిపేట దిక్కు పల్లెల నుంచి బొగ్గుబాయి పనికని బెల్లంపల్లికి వచ్చిండు. అప్పుడు మీ తాత చిన్నపిలగాడు. ఆ పెద్దమనిషికి బాయిల ఏం కాలే గని, ఇంట్ల జరమొచ్చి పోయిండు. ఇగ మా అత్త, అంటే మీ తాత తల్లి, ఇద్దరు కొడుకులను ఆమెనే సాదింది. పెద్దోడు మా బావ, చిన్నోడు మీ తాత. ఇద్దరూ బాయిలనే పెరిగిండ్రు, అంటే బాయి పనిలనే.

నేను కాపురానికి వచ్చేసరికి కంపెనీ ఇల్లు ఉండె మాకు. రెండర్రలు. ఒక అర్రల బావ కుటుంబం, ఒక అర్రల మేము. మేమంటే నేను, మీ తాత, ఆనక మీ నాయిన. అత్త మంచం వాకిట్ల. వానొచ్చిందనుకో, ఆ మంచం మా అర్రలకు వస్తది, నేను పిల్లగాన్ని ఒళ్లె ఏస్కొని గోడకు ఒరుగుత. గంతే జాగ.

గట్లుండంగ ఒకనాడు మీ తాత డ్యూటీ దిగి వచ్చి చాయ్ తాగుకుంట మెల్లగ ముచ్చట తీసిండు. అరవై ఏడుల... కాదు, అరవై ఎనిమిది. మీ నాయినకు అప్పుడప్పుడే అడుగులు పడుతున్నయి. గోదావరిఖనిల కొత్త బాయిలు తెరుస్తున్నరట, పని తెలిసినోళ్లు కావాల్నట, పోతమన్నోళ్లు జీతాల రోజు లోపల చెప్పాల్నట. ముచ్చట నాకు చెప్తున్నట్టే ఉన్నడు గని, చూపు అత్త దిక్కున్నది.

అత్త చాటల బియ్యం ఏరుతున్నది. తల ఎత్తలే.

“పోతే ఏమొస్తది?” అన్నది.

“మనకంటూ ఒక ఇల్లొస్తది. అంటే, ఇప్పుడు రాదే అమ్మా. కట్టినంక ఇస్తరు.”

“కట్టేదాక?”

“గుడిసె ఏస్కుంటం.”

“నీళ్లు?”

“నల్లా ఉన్నదట. ఎప్పుడన్న వస్తదట.”

“దవాఖాన?”

“ఉన్నది. చిన్నది.”

“ఉన్న ఇల్లు ఇడిసి లేని ఇంటికి, వచ్చే నల్లా ఇడిసి రాని నల్లాకు పోదామంటవు. మంచిగున్నది కొడుకా నీ లెక్క.”

నాకు నవ్వు ఆగలే. పైట నోట్లె కుక్కుకున్న. మీ తాత నన్నొక చూపు చూసిండు. ఆ మనిషికి కోపమొస్తే మాట రాకపోతుండె, చెవులు ఎర్రగైతుండె. మీ నాయినకు గూడ గంతే, సూడలే నువ్వు?

అత్త చాట పక్కకు పెట్టి అప్పుడు అసలు మాట అన్నది. “గదంత ఇడిసిపెట్టు. రేపు నేను సస్తే మోసేటోళ్లు నలుగురు దొరుకుతరా ఆ ఊర్ల?”

 అత్త ఉట్టిగ అన్నమాట కాదది. వాళ్లాయన పోయిననాడు ఈమె ఇద్దరు చిన్నపిల్లల తల్లి, బెల్లంపల్లికి వచ్చి ఎన్నో దినాలు గూడ కాలే. ఎవరూ ఎర్క లేదు. వాడకట్టోళ్లు వచ్చేదాక పొద్దంత ఆయన దగ్గర ఒక్కతే కూసున్నదట. గది ఆమె మనసుల ఉండిపోయింది. ఆనక ఆ వాడకట్టులనే ఎవరి ఇంట్ల పెండ్లయినా, ఎవరి ఇంట్ల చావయినా ఈమెనే ముందుపడి పోతుండె. నలుగురిని సంపాదించుకున్నది పాపం, అంత కష్టపడి. దాన్ని ఇడిసి రమ్మంటే ఎట్లొస్తది?

బావ దగ్గర ఉండు అంటే ఉండదు. చిన్నకొడుకు కాడనే నా బతుకు అంటది. తల్లిని ఇడిసి మీ తాత కదలడు. జీతాల రోజు దగ్గరికొస్తున్నది. గిదీ కథ.

నా మనసుల ఏముండెనో చెప్పాల్నా? నాకు పోవాలెననే ఉండె. ఇల్లు ఇరుకని కాదు. ఇరుకు అందరికీ ఉండె అప్పుడు. నల్లా కాడి వరుస ఉండె సూడు, గది నాకు నచ్చకపోతుండె. బెల్లంపల్లిల మా వాడకట్టు నల్లా కాడ ఎవరూ చెప్పని వరుస ఒకటి ఉండె. మేస్త్రీ ఇంటి బిందె అందరికన్న ముందట. దాని ఎనుక పాతోళ్ల బిందెలు. మా యారాలు, అంటే బావ భార్య, పెద్దకోడలు గద, ఆమె బిందె ఆ వరుసల. చిన్నకోడలిది ఎనుక. కొత్తగ వచ్చినోళ్ల బిందెనైతే చెయ్యితోని గూడ ముట్టకపోదురు, కాలుతోని ఎనుకకు నూకుదురు. నేను పొద్దుగాల్ల పోయి ముందు పెట్టినా సరే, నేను ఇట్ల ఇంటికొచ్చి అట్ల పోయేసరికి నాది ఆఖర్ల ఉండు. ఎవరిని అడుగుత? అడిగితే, గట్లనే ఉంటది పిల్లా అందురు. అప్పుడు రూపాయి పెడితే కూర, నూనె, మీ నాయినకు బిస్కెట్లు గూడ వచ్చుగని, బిందెడు నీళ్లు మాత్రం టైముకు రాకపోతుండె.

మీ తాతది బాయిల టింబరు పని. బొగ్గు తీసినంక పైన కప్పు కూలకుంట కింద కట్టెలు నిలబెడుతరు గద, ఆ పని. వాళ్లు లోపలికి పోంగనే ఫస్టు చేసేది ఏందంటే, కట్టె తీస్కొని పైన కప్పును కొట్టుడు. గట్టిగుంటే కణ్ అంటదట. పొర ఊడి ఒదులైతే బోలు సప్పుడొస్తదట. చూస్తే రెండూ ఒక్క తీరే కనపడుతయి, కొట్టి వినాల్సిందే అనేటోడు. ఆ అలవాటు ఇంట్ల గూడ పోలే. అంగట్ల కుండ కొన్నా, గుమ్మడికాయ కొన్నా, టకటక కొట్టి చెవి పెడుతుండె. మా పెండ్లిల తలుపు చెక్కను కొట్టి చూసిండని మా అన్న ఇప్పటికీ... ఆయన గూడ పోయిండు లే.

నేనన్న మీ తాతతోని, “బాయి సంగతి నువ్వు సూస్కో. నీకు తెలిసిన పనే. ఊరిని నేను కొట్టి చూసొస్త.”

“ఊరిని ఎట్ల కొడ్తవే?” అన్నడు.

“పోతే తెలుస్తది” అన్న. నాకు మాత్రం ఏం తెలుసు అప్పుడు? ధైర్యం గంతే.

ఖనిల మా సిన్నమ్మ బిడ్డె ఉండె, రాజవ్వ. వరుసకు నాకు చెల్లె. వాళ్లాయన కొత్త బాయిల ఫిల్లర్, బొగ్గు ఎత్తే పని. ఆమె అప్పటికే కబురు పెట్టింది, అక్కా ఈడ మంచి బిందె దొరుకుతలేదు, వస్తే ఒకటి పట్టుకరా అని. నేను ఒక ఇత్తడి బిందె కొన్న. మీ నాయినను సంకనేస్కొని, బిందె ఇంకో సంకనేస్కొని, ప్యాసింజరు ఎక్కిన. అత్త వాకిట్ల నిలబడి, “పో బిడ్డా పో, నలుగురిని ఏరుకొని రా” అన్నది. వెక్కిరింపే.

రైలు గోదారి మీది నుంచి పోతుంటే బండిల అందరూ పైసలు ఏసిండ్రు నీళ్లల్ల. నేను గూడ ఒక పైస ఏసిన. చాయ్ పది పైసలు అప్పుడు. రామగుండం స్టేషన్ల దిగి లారీ ఎక్కినం. ఇగ ఖని చూసిన కద... ఏం చెప్పాలె బిడ్డా. ఇప్పుడు నువ్వు చూసే ఊరు కాదది. అడివి నరికిండ్రు గని మొద్దులు తియ్యలే. ఆ మొద్దుల నడుమ గుడిసెలు. దుమ్ము. ఇంటింటి ముందట పచ్చిబొగ్గు కుప్పపోసి కాలుస్తున్నరు, పొగ పోయినంక పొయ్యిలకు పనికొస్తదని. ఆ పొగకు మీ నాయిన ఒకటే దగ్గు. పాములున్నయి, మంచం కోళ్ల కింద చూసి పండు అక్కా అన్నది రాజవ్వ. గిదేం ఊరమ్మా అనుకున్న.

ఇంకొకటి పట్టిచూసిన. ఎవరూ చెప్పలే, నాకే కనపడ్డది. ఆ వాడకట్టు మొత్తం తిరిగినా తెల్లవెంట్రుక లేదు. అందరూ వయసోళ్లే. మొగోళ్లు ఎక్కువ, ఆడోళ్లు తక్కువ, ముసలోళ్లు లేనే లేరు.  అత్తను తెచ్చి ఎవరి పక్కన కూసోపెట్టాలె?

రాజవ్వను అడిగిన, “మీ ఊర్ల వల్లకాడు ఎక్కడ చెల్లే?”

“ఓ అక్కా! వచ్చుడు వచ్చుడే గిదేం అడుగుడే!” అని లెంపలేసుకున్నది. “ఇంకా మా వాడకట్టుల ఎవరూ సావలే.”

చూసినవా. అత్త అడిగిన మాటకు జవాబు చెప్పెటోళ్లు గూడ లేరు ఆ ఊర్ల. నేను మనసుల సగం ఆశ ఇడుసుకున్న. అయినా తెల్లారి నల్లా కాడికి పోయిన. ఊరు ఎట్లున్నదో నల్లా కాడ తెలుస్తది, నాకు తెలిసిన కప్పు గదే. కొత్త బిందె తీస్కపోయి వరుసల పెట్టిన. రాజవ్వను రావద్దన్న, ఆమె వస్తే ఆమె మొకం చూసి జాగ ఇస్తరు గద. నేనెవరో ఎవరికీ తెల్వదు. పెట్టి, మళ్ల వస్త అని ఎవరికీ చెప్పకుంట తిరిగొచ్చిన. కాలుతోని నూకుతరా, ఉంచుతరా, చూద్దామని. పిల్లగానికి ఇంత గటక తాపి, మెల్లగ పోయిన.

పోతే ఏమున్నది? నల్లా బందయింది. బిందెలు అన్ని పోయినయి. నా బిందె గూడ లేదు.

ఇగ నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. కొత్త బిందె, ఇత్తడిది, చెల్లెకని తెచ్చింది! నల్లా గద్దె మీద నిలబడి మొత్తుకున్న. “ఏం ఊరమ్మా గిది! కాలుతోని నూకుతరనుకున్న గని, మొత్తానికే ఎత్తుకపోతరనుకోలే! మా బెల్లంపల్లిల గూడ గింత అన్యాలం లేదు!” గుడిసెలల్లకెల్లి ఆడోళ్లు బయటికొచ్చిండ్రు. ఎవరో ఒకామె, “ఎవలీమె? పొద్దుగాల్లనే పూనకమొచ్చినట్టున్నది” అన్నది. నేను ఆమె మీదికి గూడ పోయిన.

గప్పుడు ఒక గుడిసెల నుంచి పొడుగాటి మనిషి వచ్చింది. బొట్టు పెద్దగ పెట్టుకున్నది. పేరు సరోజన, కొత్తగూడెం నుంచి వచ్చిండ్రని ఆనక తెలిసింది. చేతులు నడుముకు పెట్టుకొని నన్ను మొత్తం అననిచ్చింది. నేను ఊపిరి తీస్కునేదాక ఆగి, “అయిపోయిందా తల్లీ? ఇంకేమన్న ఉన్నదా?” అన్నది.

“నా బిందె ఏది?”

“రా, చూపిస్త.”

వాళ్ల గుడిసెల పోయినం. మూల చల్లటి జాగల నా బిందె. నిండ నీళ్లున్నయి. పైన మూత. ఆ మూత వాళ్ల అన్నం గిన్నెదే, బిందె మూతికి సరిపోక పక్కకు ఒరిగి ఉన్నది.

“నల్లా జల్ది బందయితదని అన్నరు. బిందె ఎవరిదో తెల్వలే, కొత్త బిందె, కొత్తగ వచ్చినోళ్లదయి ఉంటది. కొత్తగ వచ్చినోళ్ల ఇంట్ల నీళ్ల కుండ నిండి ఉండదు గద. అందుకే ఫస్టు నీదే నింపిన.”

 “మరి మీది?” అన్న.

“సగమే వచ్చినయి. రేపు చూస్త. మేం వచ్చినప్పుడు మాది గూడ ఎవరో నింపిండ్రు, ఆమె ఎవరో ఇప్పటికీ తెల్వదు. ఈడ అందరం నిన్నమొన్న వచ్చినోళ్లమే, ఎవరు పాత, ఎవరు కొత్త? నువ్వు ఉంటవా, పోతవా?”

“చూసి పోదామని వచ్చిన.”

“చూసినవు గద. తిట్టి గూడ తిట్టినవు. ఇగ ఉండుడే మిగిలింది” అన్నది. వాడకట్టు మొత్తం నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం చేస్త మరి.

తిరిగి బెల్లంపల్లికి వచ్చి అత్తకు ఒక్కటి దాచకుంట చెప్పిన. పొగ, పాములు, గుడిసెలు. ముసలోళ్లు లేరని చెప్పిన. వల్లకాడు ఎక్కడో వాళ్లకే తెల్వదని గూడ చెప్పిన. మీ తాత నాకు కండ్లతోని సైగ చేస్తుండె, ఆపవే అని. నేను ఆపలే. ఆఖర్ల బిందె ముచ్చట చెప్పిన.

అత్త అన్నీ ఇని బిందె సంగతే అడిగింది. “నింపి నల్లా కాడనే పెట్టిందా, ఇంట్లెకు తెచ్చిందా?”

“ఇంట్లెకే తెచ్చింది.”

“మూత పెట్టిందా?”

“పెట్టింది. వాళ్ల అన్నం గిన్నె మూత.”

ఇగ అత్త, “నేనొస్త” అన్నది. మీ తాత లేచి నిలబడ్డడు. “కాని నా రోలు రాదు” అన్నది.

ఆ రోలు ఆమెకు తల్లిగారు ఇచ్చింది. కాసిపేట దిక్కు నుంచి బెల్లంపల్లికి ఎడ్లబండిల వచ్చింది. పసుపు, కారం, తొక్కు, ఏదైనా అండ్లనే దంచాలె, ఇంకోళ్ల రోలు ముట్టది. “రోలు ఈడనే పెద్దోడి వాకిట్ల ఉంటది. మీ ఖని నాకు నచ్చకపోతే నేను తిరిగి నా రోలు కాడికి వస్త. గప్పుడు నన్ను ఎవరూ ఆపొద్దు” అన్నది. మీ తాత ఒప్పుకున్నడు. ఆయన అటెనుక కొత్త బాయిల దిగి కప్పు కొట్టి చూసొచ్చిండు. కణ్ మన్నది అన్నడు. జీతాల రోజుకు పోయి పేరు చెప్పిండు.

వచ్చినం. సరోజనక్క గుడిసె పక్కనే గుడిసె ఏస్కున్నం. కష్టం లేకుండెనా అంటే ఉండె. ఫస్టు ఎండకాలం మీ నాయినకు అమ్మోరు పోసింది. నేను రోజూ బెల్లంపల్లి పోదమనే ఏడ్చిన. ఎవరు ఆపిండ్రనుకున్నవు? అత్తనే. నేను ఏ భయం పడ్డనో, ముసలోళ్లు లేరు ఎట్లనని, గదే ఆమెకు కలిసొచ్చింది. బెల్లంపల్లిల మా వాడకట్టున పదిమంది ముసలోళ్లు, ఆమె పదకొండోది. ఈడ ఆమె ఒక్కతే. అందరూ పడుచుపిల్లలు, తల్లిగారు దూరం, అత్తగారు దూరం. కాన్పు దగ్గరికొస్తే అవ్వా. పిలగాడు పాలు తాగకపోతే అవ్వా. పెండ్లిల ఏది ముందు, ఏది ఎనుక తెల్వకపోతే అవ్వా. సరోజనక్క రెండో బిడ్డె పుట్టినప్పుడు దవాఖానకు పోయే జీపుల ముందట సీట్ల మా అత్తనే కూసున్నది, డ్రైవరుకు తొవ్వ చెప్పుకుంట. ఆమెకే తొవ్వ తెల్వదు!

తొక్కు దంచాలెనంటే మాత్రం సరోజనక్క రోట్ల దంచుకొమ్మంటే ససేమిరా. కట్టెతోని రాయి మీద నలుగగొడుతుండె. “నా రోలు ఉన్నది బెల్లంపల్లిల” అంటుండె. యాడాది గడిచిందో, ఇంకా ఎక్కువో. ఒకనాడు పొద్దుగాల మీ తాత డ్యూటీకి పోతుంటే, మామూలు ముచ్చట తీరు అన్నది, “పెద్దోనికి కబురు పెట్టు. నా రోలు రైల్ల ఏసి పంపుమను.”

మీ తాత టిఫిన్ డబ్బ కింద పెట్టి అట్లనే నిలబడ్డడు. “ఏంది, ఇనపడలేదా? షిఫ్టుకు పో” అన్నది.

బావ రోలును రైల్ల ఏసి పంపిండు. స్టేషన్ నుంచి ఎట్ల తేవాలె? మీ తాత ఒక్కడు ఎత్తే బరువా అది? ఎవరినీ పిలువలే మేము. సరోజనక్క భర్త వచ్చిండు, రాజవ్వ భర్త వచ్చిండు, మంథని దిక్కు పిలగాడొకడు ఎదురు గుడిసెల ఉండె, ఆ పిలగాడు. వీళ్లు ముగ్గురు, మీ తాత. లారీ వాడకట్టు మొదట్లనే దించి పోయింది, లోపలికి తొవ్వ లేదు. బాయిల కట్టెలు మోసినట్టే రోలుకు మోకులు కట్టి, రెండు దుడ్డుకట్టెలు దూర్చి, నలుగురు నాలుగు దిక్కుల భుజం పెట్టిండ్రు. అత్త ముందట నడుస్తున్నది.

షిఫ్టు ఇడిసినోళ్లు ఎదురొచ్చి, “ఏందే అవ్వా, గిదేం ఊరేగింపు?” అన్నరు.

అత్త ఆగింది. ఎనుకకు తిరిగి భుజాల మీద కట్టెలను చూసింది, నలుగురి మొకాలు చూసింది, ఒక్కొక్కరిని. అందరూ చెమటలు కక్కుతున్నరు. ఇగ నవ్వింది చూడు, నేను ఆమెతోని కలిసి ఉన్న అన్నేండ్లల్ల గట్ల నవ్వంగ చూడలే.

“నా రోలునే మోసిండ్రు కొడుకులు. నన్ను మొయ్యరా? నేను రోలంత బరువు ఉండ” అన్నది.

చాన ఏండ్లు బతికింది ఆనక. మీ నాయిన పెండ్లి గూడ చూసింది. పోయిననాడు ఎవరిని పిలిచే పని పడలే, మొత్తం వాడకట్టు వాకిట్లనే ఉన్నది. ఆ రోలు ఏదనుకున్నవు? పిచ్చుకలకు నీళ్లు పోస్తవు సూడు రోజూ, గదే.

అందుకే చెప్తున్న. పుణెల కష్టం ఉండదని నేను అన. వాళ్ల మాట నీకు రాదు, కిరాయిలు ఎక్కువంటున్నవు, తిండి పడకపోవచ్చు. అవన్ని లెక్కపెట్టుకో, తప్పు లేదు, మేం గూడ పెట్టుకున్నం. కాని ఈడ కూసొని లెక్కపెడితే సగమే తెలుస్తది. పోయి ఆడ నీ బిందె పెట్టి చూడాలె. ఆడ నల్లా లేకుంటే ఇంకోటి ఏదన్న ఉంటది, నీకే కనపడుతది. నువ్వు నా మనుమరాలివి, కనపడకపోవుడేంది?

నీ స్కూటీ మాత్రం అమ్మకు. మీ నాయిన అమ్ముదామంటే నాతోని చెప్పు. గదే వాకిట్ల రోలు పక్కన ఉండనియ్యి, నేను రోజూ గుడ్డతోని తుడుస్త. నీకు ఆ ఊరు పడలేదనుకో, వచ్చి నీ బండి నువ్వు ఎక్కు. ఎందుకొచ్చినవని ఈ ఇంట్ల ఒక్కరు అడిగితే నేనున్న. పడ్డదనుకో, ఒకనాడు ఫోను చేసి, అవ్వా, నా బండి రైల్ల ఏసి పంపు అంటవు. గా ఫోను కోసం చూస్తుంట.

సల్లగ బతుకు బిడ్డా. పోయినకాడ నీ కోసం బిందె నింపేటోళ్లు దొరకాలె, నువ్వు ఇంకోళ్లకు నింపాలె. మూత మర్చిపోకు... ఆ, ఫోను బంజెయ్యి ఇగ. చాయ్ పెట్టు, శక్కర జర తక్కువెయ్యి. మీ నాయిన వస్తున్నట్టున్నడు, బండి సప్పుడు ఇనపడుతున్నది...